కొత్త ట్యాంకులోకి చేపలు: నీళ్లతో పాటు ఇంకేం మార్చాలి?



వేసవి సెలవుల్లో మన దగ్గర ఇళ్లు మారే కుటుంబాలు ఎక్కువ. ట్రాన్స్‌ఫర్లు, కొత్త ఫ్లాట్లు, జూన్‌లో బడి తెరిచేలోపు అంతా సర్దుకోవాలనే తొందర. ఇంట్లో అక్వేరియం ఉంటే అదీ ఇదే సమయంలో కదులుతుంది. మంచి మార్కులు వచ్చాయని పిల్లలకు పెద్ద ట్యాంకు కొనిచ్చేవాళ్లూ ఉంటారు. బడి తెరిచాక పిల్లలు చెప్పే మాట మాత్రం తరచుగా ఒకటే: "టీచర్, ట్యాంకు మొత్తం మంచిగ కడిగినం. అయినా వారంలోనే చేపలన్నీ చచ్చిపోయినయ్."

చాలాసార్లు చేపలు చనిపోయేది అంత శుభ్రంగా కడగడం వల్లే. ఎందుకో తెలిస్తే వాటిని కాపాడుకోవచ్చు. పైగా పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్సులో చదివే నత్రజని వలయం మీ హాల్లోనే కళ్లకు కనిపిస్తుంది.

కంటికి కనిపించని కాపలాదారులు

చేపలు మొప్పల ద్వారా ఎప్పుడూ అమ్మోనియాను వదులుతూనే ఉంటాయి. తినకుండా మిగిలిన మేత, రెట్ట కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. ఇది చేపలకు విషం. చెరువులో నీళ్లు ఎక్కువ, చేపలు తక్కువ కాబట్టి అది పలచబడిపోతుంది. గాజు తొట్టిలో ఆ వీలు లేదు.

ఇక్కడ పని చేసేవి రెండు రకాల బ్యాక్టీరియాలు. మొదటి రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా ప్రమాదమే. అది చేప రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. రెండో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. కొంత మొక్కలు పీల్చుకుంటాయి, మిగతాది మనం వారం వారం కొన్ని నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఇలాంటి బ్యాక్టీరియాలను 1890 ప్రాంతంలో విడదీసి చూపినది సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఉండేది చాలా తక్కువ. ఫిల్టర్ స్పాంజికి, గులకరాళ్లకు, గాజుకు పొరలా అంటుకుని బతుకుతుంది. స్పాంజిని తాకితే జారుగా అనిపించేది ఎక్కువగా ఆ పొరే. దాన్ని మనం మురికి అనుకుని నల్లా కింద పెట్టి పిండేస్తాం. నల్లా నీళ్లలోని క్లోరిన్ మిగతా పని పూర్తి చేస్తుంది. ట్యాంకు తళతళలాడుతుంది, లోపల కాపలా మాత్రం ఉండదు. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా మళ్లీ తగినంత పెరగడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు తట్టుకోలేవు.

మార్చే రోజు ఏం చేయాలి?

1. ముందు రోజు మేత వేయకండి. పెద్ద చేపలకు ఒకరోజు ఆకలి వల్ల ఏమీ కాదు, నీళ్లు మాత్రం పాడవకుండా ఉంటాయి.

2. కొత్త నీళ్లు ఒకరోజు ముందే పట్టి ఉంచండి. కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యాం నుంచి వచ్చే నల్లా నీళ్లయినా, భగీరథ నీళ్లయినా క్లోరిన్ కలిపినవే. వెడల్పు టబ్బులో 24 గంటలు ఉంచి, ఎయిర్ పంపు పెడితే క్లోరిన్ పోతుంది. తొందరైతే అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడవచ్చు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ సున్నం ఎక్కువ. గీజర్‌లో, బకెట్ అంచున పట్టే తెల్లని పొర అదే. పాత ఇంట్లో నల్లా నీళ్లు, కొత్త ఇంట్లో బోరు అయితే ఒక్కసారిగా మార్చకండి.

3. పాత నీళ్లలో సగం బకెట్లలోకి తీసుకోండి. అందులో బ్యాక్టీరియా తక్కువే అయినా, చేపకు అలవాటైన నీళ్లు కాబట్టి షాక్ తగలదు.

4. స్పాంజిని కడగకండి. పాత ట్యాంకు నీళ్లున్న బకెట్లో వేసి ఎయిర్ పంపు పెట్టండి. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, గంటల తరబడి కవర్లో మూసేస్తే చనిపోతుంది. గులకరాళ్లను కూడా పాత నీళ్లలోనే ఒకసారి జాడించి తీసుకెళ్లండి.

5. నీళ్లతో ఉన్న ట్యాంకును ఎత్తకండి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి అంటే నాలుగున్నర ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. నిండా నీళ్లుంటే 127 కిలోలు దాటుతుంది. (ఈ లెక్క పిల్లలతోనే చేయించండి.) ఆ బరువుకు మూలల్లోని సిలికాన్ అతుకు వదిలిపోవచ్చు. కొత్త చోట స్టాండు సమంగా ఉండాలి, ట్యాంకు కింద థర్మోకోల్ షీటు వేయాలి.

6. చేపల కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉండాలి. పైన గుడ్డ కప్పితే చేపలు బెదరవు.

7. కొత్త ట్యాంకులో పాత స్పాంజి, పాత రాళ్లు పెట్టి, సగం పాత నీళ్లు, సగం కొత్త నీళ్లు పోసి ఫిల్టర్ ఆన్ చేయండి. చేపల కవరును 15 నుంచి 20 నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత కొద్దికొద్దిగా ట్యాంకు నీళ్లు కవర్లో కలిపి, చేపను వలతో తీసి వదలండి. కవర్లోని నీళ్లు పారబోయండి.

పెద్ద ట్యాంకుకు కొత్త ఫిల్టర్ కొన్నా, పాతదాన్ని నెల రోజులు దాని పక్కనే నడవనివ్వండి. కొత్త స్పాంజిలోకి బ్యాక్టీరియా మెల్లగా చేరుతుంది.

మన ఎండ, మన చలి

మే నెలలో ఈ పని మధ్యాహ్నం పెట్టుకోవద్దు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా నీళ్లు వేడెక్కినకొద్దీ, సున్నం గుణం పెరిగినకొద్దీ అమ్మోనియా ఎక్కువ విషంగా మారుతుంది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు సామాను బండిలో నాలుగైదు గంటల ప్రయాణం. తెల్లవారుజామునే బయలుదేరండి, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు వెంట ఉంచుకోండి. ఆదిలాబాద్ చలి సంగతి కూడా మరవద్దు. అక్కడ చలికాలం రాత్రుల్లో 10 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. గోల్డ్ ఫిష్ తట్టుకుంటుంది కానీ గప్పీ, ఏంజెల్, ఫైటర్‌కు హీటర్ తప్పనిసరి.

మొదటి నెల

మొదటి వారం మేత సగానికి తగ్గించండి. కొత్త చేపలు కొనకండి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే, మొప్పలు ఎర్రబడితే నాలుగో వంతు నీళ్లు వెంటనే మార్చండి. అమ్మోనియా టెస్ట్ కిట్ దొరికితే రెండు రోజులకోసారి చూసి, ఆ అంకెలను పిల్లలతో నోటుబుక్‌లో రాయించండి.

నీమో కావాలని పిల్లలు అడిగితే

సినిమా చూసిన పిల్లలు పగడాలతో ఉన్న సముద్రపు ట్యాంకు అడుగుతారు. అక్కడా సూత్రం ఇదే. బ్యాక్టీరియా ఉండేది సముద్రపు రాళ్లలో కాబట్టి ట్యాంకు మార్చినప్పుడు ఆ రాళ్లను తడి ఆరకుండా తీసుకెళ్తారు. కానీ లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఎప్పుడూ తేడా రాకుండా చూసుకోవాలి, ఖర్చూ ఎక్కువ. ఇంకో ముఖ్యమైన విషయం: దిబ్బలు కట్టే రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. ఎవరైనా అమ్ముతామన్నా కొనవద్దు.

చెరువులో వదలవద్దు

ఇల్లు మారుతూ చేపలను మానేరులోనో ఊరి చెరువులోనో వదిలితే పుణ్యం అనుకుంటాం. గాజుకు పట్టిన పాచి తింటుందని కొనే సక్కర్ ఫిష్ దక్షిణ అమెరికా జాతి. ఇలా వదిలినవి తెలుగు రాష్ట్రాల నీళ్లలో పెరిగి, మన చేపలకు పోటీగా మారి, ముళ్లతో మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. తీసుకెళ్లలేకపోతే తెలిసినవాళ్లకు ఇవ్వండి, లేదా కొన్న షాపులోనే తిరిగి ఇవ్వండి.

చివరగా ఒక విన్నపం. స్పాంజి బకెట్ బాధ్యత, నోటుబుక్ బాధ్యత మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. "ఇంకా ఎన్ని రోజులు?" అని వాళ్లు అడుగుతారు. నాలుగు వారాలు ఆగడం పెద్దవాళ్లకే కష్టం. ఆ నోటుబుక్ జూన్‌లో తరగతికి తెస్తే, నత్రజని వలయం పాఠం దానితోనే మొదలుపెడతాం.