విక్టోరియా పబ్లిక్ హాలు: గోడలు నిలిచాయి, వేదిక నిలుస్తుందా?

రాయ్‌పూర్‌లో మోవా వైపు నుంచి నగరం నడిబొడ్డుకు వస్తే కలెక్టరేట్ దగ్గర పాత టౌన్‌హాలు కనిపిస్తుంది. విక్టోరియా రాణి సింహాసనమెక్కి 50 ఏళ్లయిన సందర్భంగా 1887లో దేశమంతటా జరిగిన జూబిలీ సంబరాల కాలం నాటి కట్టడం అది. విజయవాడలో ఇప్పుడు బాపు మ్యూజియంగా పిలుస్తున్న విక్టోరియా జూబిలీ భవనం కూడా ఆ కోవలోనిదే. అయితే ఆ తరం హాళ్లలో తెలుగు నాటకంతో, సినిమాతో మరింత దగ్గరి సంబంధం ఉన్నది చెన్నైలో ఉంది. సెంట్రల్ రైల్వే స్టేషన్‌కు ఎదురుగా, కార్పొరేషన్ వారి రిప్పన్ బిల్డింగ్ పక్కన కనిపించే ఎర్ర ఇటుకల భవనమే అది. దాని పేరు విక్టోరియా పబ్లిక్ హాలు.

సెంట్రల్‌లో రైలు దిగిన తెలుగువారు ఎన్ని తరాలుగానో ఈ భవనం ముందు నుంచి వెళుతున్నారు. దాని శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు అనీ, తెలుగు సినిమాకు పితామహుడిగా చెప్పుకొనే రఘుపతి వెంకయ్య నాయుడు తన తొలి ప్రదర్శనలు ఇచ్చింది అందులోనే అనీ తెలిసినవారు తక్కువ. దశాబ్దాల పాటు తలుపులు మూసుకుని పాడుబడిన ఈ హాలు పునరుద్ధరణ పనులు 2023లో మొదలయ్యాయి. చెన్నై కార్పొరేషన్ ‘సింగార చెన్నై 2.0’ పథకం కింద సుమారు 32 కోట్ల రూపాయల అంచనాతో వాటిని చేపట్టింది. గోడలు బాగుచేయడం ఇంజనీర్ల పని. ఆ గోడల మధ్య మళ్లీ ఏం జరగాలి, దాని ఖర్చు ఎవరు భరించాలి అన్నవి నగరం తేల్చుకోవాల్సిన ప్రశ్నలు. ఈ హాలు చరిత్ర చూస్తే, అది దెబ్బతిన్నది ఆ రెండు ప్రశ్నల దగ్గరే.

ఏడాదికి 28 రూపాయల అద్దె

19వ శతాబ్దం రెండో సగంలో బ్రిటన్ నగరాల్లో ఒక కొత్త ఆలోచన బలపడింది. రాజులకు కోటలున్నట్టే మామూలు జనానికీ ఒక ‘ప్యాలెస్’ ఉండాలని, అక్కడ సంగీతం, నాటకం, ప్రదర్శనలు, ఉపన్యాసాలు అందరికీ అందాలని ఆ ఆలోచన. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్, అలెగ్జాండ్రా ప్యాలెస్ అలా వెలిశాయి. వలస నగరాలకు అదే ఊహ చిన్న రూపంలో, టౌన్‌హాలుగా చేరింది.

మద్రాసులో అప్పటికి ప్రభుత్వ విందులకు బాంక్వెటింగ్ హాలు ఉంది. అదే నేటి రాజాజీ హాలు. పౌరుల సభలకు జార్జిటౌన్‌లో పచ్చయ్యప్ప హాలు ఉంది. నగరమంతటికీ సరిపోయే పెద్ద హాలు మాత్రం లేదు. 1882లో నగర ప్రముఖులు సమావేశమై టౌన్‌హాలు కట్టాలని తీర్మానించారు. పీపుల్స్ పార్కు స్థలంలో 57 గ్రౌండ్లు, అంటే మూడెకరాలకు పైచిలుకు, మునిసిపాలిటీ 99 ఏళ్ల లీజుకిచ్చింది. గ్రౌండుకు 8 అణాల చొప్పున మొత్తం అద్దె ఏడాదికి 28 రూపాయల 8 అణాలు.

1883 డిసెంబర్ 17న విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేశారు. విరాళాలిచ్చిన వారిలో ఆయనతో పాటు మైసూరు, తిరువాన్కూరు వంటి సంస్థానాధీశులు ఉన్నారు. ఆనంద గజపతికి నాటకం మీద ఆసక్తి కొత్త కాదు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ను గురజాడ అంకితమిచ్చింది ఆయనకే.

నమూనా గీసిన రాబర్ట్ చిషోమ్ మద్రాసు సెనేట్ హౌస్ రూపశిల్పి. కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసు హైకోర్టు వంటి భవనాలు లేపిన చేయి ఆయనది. ఇంటిపేరే ఆయన తెలుగు మూలాలు చెబుతుంది. పనులు సాగుతుండగానే రాణి స్వర్ణోత్సవం వచ్చింది. 1888 జనవరిలో జరిగిన పౌరుల సభ ఈ హాలుకు ఆమె పేరు పెట్టాలని నిర్ణయించింది.

భవనంలో కింద ఒకటి, పైన ఒకటి రెండు పెద్ద హాళ్లు. ఒక్కోదానిలో దాదాపు 600 మంది కూర్చోవచ్చు. పైదానిలో చెక్క గ్యాలరీ కూడా ఉంది. సన్నని స్తంభాల వరండాలు, ఇటలీ పద్ధతి చతురస్రపు బురుజు, దాని మీద కేరళ గుళ్లను గుర్తుచేసే ఏటవాలు కప్పు. ఈ కలగూరగంపలో ఒక తీరు ఉంది కాబట్టే అది ఇప్పటికీ చూపరులను ఆపుతుంది.

బళ్లారి నుంచి వచ్చిన నాటకం

1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యుల బళ్లారి సరస వినోదినీ సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. వేషాలు వేసినవారు వృత్తి నటులు కారు, చదువుకున్న ఉద్యోగులు, వకీళ్లు. నాటకమంటే మర్యాదస్తుల పని కాదనుకునే రోజుల్లో ఇది పెద్ద విషయం. ఆ ప్రదర్శనలు చూసి కదిలిపోయిన తమిళ యువకుడు పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడాది జూలై 1న మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించారు. తమిళ ఆధునిక నాటకరంగానికి ఊపిరి పోసిన ఆ సభ తెలుగు, కన్నడం, సంస్కృతం, ఇంగ్లీషు నాటకాలు కూడా వేసింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో దాని నివాసం విక్టోరియా పబ్లిక్ హాలే. 1936లో మౌంట్ రోడ్డుకు మారేదాకా సభ్యులు అక్కడే సాధన చేశారు, అక్కడే ప్రదర్శించారు.

హాలులో నాటకాలొక్కటే కాదు, రాజకీయ, ధార్మిక సభలూ జరిగాయి. అమెరికా నుంచి తిరిగివచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో తన కార్యక్రమం గురించి ఉపన్యసించింది ఇక్కడే. వినోదానికీ చర్చకూ ఒకే వేదిక ఉండటం ఆ కాలపు టౌన్‌హాలు లక్షణం.

బొమ్మకు మాట తోడైన చోటు

మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. 1909–10 ప్రాంతంలో ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రం గురించి తెలుసుకుని, స్టూడియోను తాకట్టు పెట్టి తెప్పించారు. ఒకవైపు ప్రొజెక్టరు మీద ఫిల్ము తిరుగుతుంటే మరోవైపు గ్రామఫోను రికార్డు తిరుగుతుంది. రెండిటినీ ఒకే వేగంతో నడిపితే తెర మీద మనిషి పాడుతున్నట్టే ఉంటుంది. హాలంతా వినబడేందుకు ఒత్తిడి గాలితో శబ్దాన్ని పెంచేవారు. టాకీలు రావడానికి 20 ఏళ్ల ముందు సంగతి ఇది.

ఆ చిన్న చిత్రాలను వెంకయ్య విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించారు. తర్వాత యంత్రంతో ఊరూరా తిరిగారు, బర్మా, సిలోన్ దాకా వెళ్లారు. తిరిగివచ్చి 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో భారతీయుడి చేతుల్లో ఉన్న తొలి శాశ్వత సినిమా హాలుగా దాన్ని చెబుతారు. 1921లో ఆయన కుమారుడు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. గెయిటీ ఇప్పుడు లేదు, కూల్చేశారు. వెంకయ్య ప్రదర్శనలు జరిగిన ఆ తొలి వేదిక మాత్రం ఇంకా నిలిచి ఉంది.

పాడుబడిన తీరు

గెయిటీ వంటి థియేటర్లు వచ్చాక ప్రేక్షకులు అటు వెళ్లారు. సుగుణ విలాస సభ ఖాళీ చేశాక హాలుకు నిలకడైన అద్దెదారు పోయాడు. సభలకు మైకులతో బీచి మైదానాలు, సంగీతానికి కొత్త సభా మందిరాలు వచ్చాయి. కట్టడానికి ధారాళంగా వచ్చిన విరాళాలు నిర్వహణకు రాలేదు. పాత భవనాల విషయంలో తరచు జరిగేదే ఇది. కట్టించినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. ఏటా కప్పు శుభ్రం చేయించినవాడి పేరు ఎక్కడా ఉండదు.

1980ల మధ్యలో 99 ఏళ్ల లీజు గడువు తీరింది. స్థలం ఎవరి ఆధీనంలో ఉండాలన్నదానిపై ట్రస్టుకూ కార్పొరేషన్‌కూ మధ్య వివాదం కోర్టుకెక్కింది. యాజమాన్యం తేలని భవనం మీద ఎవరూ డబ్బు పెట్టరు. పక్కనున్న మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతై, ఆ స్థలంలో రైల్వే భవనం లేచింది. ఇటు పక్క 1913 నాటి రిప్పన్ బిల్డింగ్‌లో మాత్రం కార్పొరేషన్ ఆఫీసు రోజూ నడుస్తూ వచ్చింది. అందుకే దాని కప్పు కారితే ఆ రోజే ఎవరికో తెలుస్తుంది. మూసిన హాలులో కారితే చెప్పేవారు లేరు.

ఇలాంటి భవనాలకు నీరే ప్రధాన శత్రువు. ఇటుకను గానుగ సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి ఇటుకను పొడి పొడి చేస్తుంది. పగుళ్లలో మొలిచిన రావి మొక్క వేళ్లు గోడను చీలుస్తాయి. తేమ తగిలిన చెక్క దూలాలకు చెద పడుతుంది. అందుకే వారసత్వ కట్టడాల మరమ్మతులో మళ్లీ సున్నానికే వెళతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి సున్నాన్ని నానబెట్టే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీల కోసం వెతుకుతారు. ఈ పని ఖరీదైనది, నిదానమైనది. పైగా ఒకసారి చేసి వదిలేస్తే సరిపోదు.

లండన్ అనుభవం

ఇదే తరానికి చెందిన లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ చరిత్ర ఇక్కడ పనికొస్తుంది. 1873 మే 24న తెరిచిన ఆ భవనం 16 రోజులకే కాలిపోయింది. మళ్లీ కట్టి 1875లో తెరిచారు. స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్మే ప్రమాదం వచ్చినప్పుడు, 1900లో పార్లమెంటు ఒక చట్టం చేసి భవనాన్నీ పార్కునూ ప్రజల ఉపయోగానికే కేటాయించి ట్రస్టు చేతికిచ్చింది. 1936లో బీబీసీ టెలివిజన్ ప్రసారాలు అక్కడి నుంచే మొదలయ్యాయి. 1980లో మరోసారి పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దానిలోని విక్టోరియా కాలపు థియేటర్ దాదాపు 80 ఏళ్లు ప్రేక్షకులు లేకుండా ఉండి, 2018 డిసెంబర్‌లో మళ్లీ తెరుచుకుంది. గోడలకు కొత్త రంగు పూయకుండా, పెచ్చులూడిన పాత గచ్చును ఉన్నదున్నట్టు గట్టిపరిచి, నేలను, వేదికను, భద్రతా ఏర్పాట్లను మాత్రం ఆధునికం చేశారు.

ఆ ప్యాలెస్‌లో ఐస్ స్కేటింగ్, కచేరీలు, ప్రపంచ డార్ట్స్ పోటీలు జరుగుతాయి. వాటి ఆదాయం నిర్వహణకు వెళుతుంది. అయినా స్థానిక కౌన్సిల్ సాయం లేకుండా గడవదు. దక్షిణ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌కు ఆ అవకాశం దక్కలేదు. 1936 నవంబర్ 30 రాత్రి కాలిపోయాక మళ్లీ లేవలేదు. అలెగ్జాండ్రా ప్యాలెస్ విషయంలో చట్టం, ఆదాయం, ప్రజాధనం మూడూ కలిశాయి. అన్నిటికీ మించి, ఏదో ఒక మూల జనం వస్తూనే ఉన్నారు.

ఇక తేల్చుకోవలసింది

విక్టోరియా పబ్లిక్ హాలు ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. టికెట్టు కొని చూసి వెళ్లే ప్రదర్శనశాలగా మార్చడం తేలిక. నిర్వహణ సులభం, భవనానికి అరుగుదల తక్కువ. కానీ నాటకం కోసం కట్టిన హాలులో నాటకం ఫొటోలు మాత్రమే వేలాడితే, సుగుణ విలాస సభ వంటి బృందాలకు అది ఇచ్చిన చోటు మళ్లీ రాదు. పూర్తిగా అద్దె హాలుగా వదిలేస్తే పెళ్లి విందులు, వస్త్రాల సేళ్లు ముందుకొస్తాయి, నాటక బృందాలు ఆ అద్దె భరించలేవు. పాత చెక్క గ్యాలరీకి ఎంతమంది బరువు మోయించవచ్చు, అగ్నిప్రమాద భద్రత ఎలా అన్న ప్రశ్నలూ ఉన్నాయి.

నడిమి దారి సాధ్యమే. ఒక అంతస్తు చరిత్రకు, ఒక అంతస్తు ప్రదర్శనలకు పెట్టవచ్చు. నెలలో కొన్ని రోజులు ఔత్సాహిక బృందాలకు తక్కువ అద్దెకు ఇచ్చి, మిగతా రోజుల ఆదాయంతో ఒక నిర్వహణ నిధి పెట్టి, ఆ లెక్కలు ఏటా బయటపెట్టవచ్చు. ఈ చరిత్రలో విజయనగరం విరాళానికీ, బళ్లారి నాటకానికీ, మచిలీపట్నం వెంకయ్య యంత్రానికీ చోటు దక్కేలా అడగడం తెలుగు సంఘాల బాధ్యత.

బొబ్బిలి రాజావారి విరాళంతో లేచిన విశాఖ పాత టౌన్‌హాలుతో సహా తెలుగు నేల మీద కూడా ఇలాంటి వేదికలు ఉన్నాయి. వాటికి మరమ్మతు నిధులు మంజూరైనప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: తెరిచిన మర్నాటి నుంచి అక్కడ ఎవరు ఆడతారు, ఎవరు పాడతారు, వాన కురిసిన రాత్రి కప్పు ఎవరు చూస్తారు?