తూకానికి పోయిన పాట పెట్టెలు

తిరుపతి: అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం నాటి తెల్లవారుజామున నిలబడితే, భజన గోష్ఠులు ఒకదాని వెనుక ఒకటి కొండెక్కుతూ కనిపిస్తాయి. ముందు తాళాలు, వెనుక డోలు, నడుమ మెడకు తువ్వాలు బిగించి హార్మోనియం వేలాడదీసుకున్న మనిషి. మూడున్నర వేల మెట్లు ఆ బరువుతో ఎక్కడం మాటలు కాదు. అయినా ఎక్కుతారు, పాడుతూనే ఎక్కుతారు. పాటకేం లోటు లేదు. గోష్ఠిలో వయసు మళ్ళిన వారు మాత్రం పెట్టె వైపు చూసి పెదవి విరుస్తారు. "పెట్టె కొత్తదే నాయనా, గొంతే లేదు" అంటారు.

మరి గొంతున్న పాత పెట్టె ఏమైంది? పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో ఏ నాటకాల ఇంటి గడప తొక్కి అడిగినా రెండే జవాబులు. అమ్మేశాం. లేదా, బాగుచేయించబోయి పాడుచేసుకున్నాం.

ధర్మరాజుల గుడి వున్న ఊళ్ళలో భారతం అంటే ఏమిటో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ నాడు బండి మీద అన్నం, అర్జునుడి తపస్సు నాడు ఎత్తయిన మాను, చివరి రోజున నేల మీద మట్టితో పోసిన దుర్యోధనుడు, సాయంత్రానికి అగ్నిగుండం. రాత్రంతా సాగే పద్యానికి ఆధారం హార్మోనియమే. ఆ పద్యం పై శ్రుతిలో ఎత్తితే ఊరి చివరి పొలంలో నీళ్ళు కట్టే మనిషికి కూడా వినపడాలి. అందుకు చేతిపెట్టె చాలేది కాదు. కాళ్ళతో తొక్కే లెగ్గు హార్మోనియం కావాలి. గాలి పని కాళ్ళు చూసుకుంటాయి కనుక రెండు చేతులూ మెట్ల మీద ఆడతాయి.

ఈ వాయిద్యం పుట్టుక ఇక్కడిది కాదు. ప్యారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ 1842లో దీనికి పేటెంటు పొందాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దానిని చేత్తో గాలి కొట్టే చిన్న పెట్టెగా మార్చిన తర్వాత దేశమంతా పాకింది. రేడియోలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియం మీద నిషేధం వుండేది. మన సంగీతంలోని గమకాలు దాని మీద పలకవని పెద్దల వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే తెల్లవారేదాకా పద్యం పాడే ధర్మరాజుకు ఆ నిషేధంతో పని పడలేదు.

ఆ కాలపు మంచి పెట్టెల్లో ప్యారిస్ రీడ్లు, జర్మన్ రీడ్లు వుండేవి. రీడు అంటే ఇత్తడి నాలుక. ఒక కొస బిగించి వుంటుంది, రెండో కొస గాలికి ఆడుతుంది. ఆ ఆటలోనే స్వరం. గుజరాత్‌లోని పాలిటానా రీడ్లు తర్వాత దేశమంతటికీ ఆధారమయ్యాయి. అవీ మంచివే. కానీ పాత రీడుకు అలవాటుపడిన చెవి వేరు.

ఇక చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కీబోర్డు దగ్గర. జపాన్‌కు చెందిన కాసియో కంపెనీ 1980లో మొదటి ఎలక్ట్రానిక్ కీబోర్డును మార్కెట్లోకి తెచ్చింది. తర్వాతి సంవత్సరాలలో అలాంటివి పెళ్ళి పందిళ్ళకు, నాటకాల పందిళ్ళకు కూడా వచ్చాయి. కీబోర్డు శ్రుతి సెకనుకు 440 కంపనాల లెక్క మీద వుంటుంది. 1939లో లండన్‌లో దేశదేశాల వారు కూర్చుని ఒప్పుకున్న లెక్క అది. అంతకు ముందు 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం నిర్ణయించినది 435. ఆ పాత లెక్క మీద తయారైన పెట్టె పక్కన కీబోర్డు పెడితే తేడా అరస్వరంలో అయిదో వంతు. కాగితం మీద చిన్నదే. పందిట్లో రెండూ కలిపి వాయిస్తే పంటి కింద రాయి.

ఏం చేయాలి? కీబోర్డును దించవచ్చు. చాలా కీబోర్డులలో శ్రుతి సవరించుకునే వీలు వుంది. అది తెలియక, తెలిసిన వారు చెప్పక, పెట్టెను పైకి ఎత్తారు. రీడు కొస దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. రిపేరు మనిషి ఆకురాయి పట్టుకుని అన్ని రీడ్ల కొసలూ గీకాడు. శ్రుతి కలిసింది. నాదం పోయింది. మళ్ళీ దించుదామని మొదళ్ళు కూడా గీకిస్తే రీడు మరింత పలచనై, గాలి గట్టిగా తగిలినప్పుడు విరిగింది. గీకిన ఇత్తడిని తిరిగి అంటించే వైద్యం ఏ ఊళ్ళోనూ లేదు.

"పెండ్లాం తాళి తాకట్టు పెట్టిన రోజు కూడా ఇంత బాధ పడలేదు సామీ. తాళి విడిపించుకున్నాం. ఇదెట్ల విడిపించేది?" అన్నాడొక ముసలి హార్మోనిస్టు. ఆయన పెట్టె ఇప్పటికీ ఇంట్లోనే వుంది. మీద ధాన్యం మూట పెట్టారు.

మైకు సెట్ల సంగతి మరో రకం. పల్లెలో పెళ్ళి అంటే ముందురోజు సాయంత్రానికి బండి మీద మైకు సెట్టు దిగేది. చింతమాను కొమ్మకు గొట్టాలు కట్టేవారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. దాని రాయల్టీ తిరుమల తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకు ఆమె ఇచ్చివేసిన సంగతి అందరికీ తెలుసు. ఘంటసాల భగవద్గీత 1974లో, ఆయన పోయిన తర్వాత విడుదలైంది. ఈ రెండు రికార్డులూ లేని మైకు సెట్టుకు బేరం వుండేది కాదు. మొదటిది తెల్లవారి పెట్టేవారు. రెండోది ఎప్పుడు పెట్టేవారో చెప్పనక్కరలేదు, పాడె కట్టే ఇంటి ముందు.

ఆ సెట్టులో గుండెకాయ వాల్వు ఆంప్లిఫయరు. స్విచ్చి వేయగానే పలికేది కాదు. లోపల గాజు బుడ్లలో తీగ ఎర్రబడి, కాగి, ఆ తర్వాత గొట్టంలో చిన్న గుర్‌మనే చప్పుడు. పిల్లలు ఆ ఎర్రటి వెలుగు చూడడానికి పెట్టె వెనుక గుమిగూడేవారు. బెంగుళూరు బి.ఇ.ఎల్. కార్ఖానాలో తయారైన వాల్వులు ఆ రోజుల్లో సులభంగా దొరికేవి. రికార్డు తిప్పే మిషను, స్తోమత వున్నవారి దగ్గర, ఇంగ్లండు గరార్డు.

వీటిని ఎందుకు వదిలించుకున్నారంటే అందుకు కారణాలు వున్నాయి, వారిని తప్పు పట్టలేం. వాల్వు సెట్టు కరెంటు ఎక్కువ తాగుతుంది. బ్యాటరీ మీద రాత్రంతా నిలవదు. బండి గతుకుల్లో పడితే గాజు పగులుతుంది. ట్రాన్సిస్టరు సెట్టు తేలిక, చౌక, కారు బ్యాటరీ మీద చక్కగా నడుస్తుంది. పైగా క్యాసెట్టు వచ్చింది. నాలుగు సంచుల రికార్డులు మోసే చోట చొక్కా జేబులో పట్టే పాటలు! ఏ వ్యాపారి అయినా అదే చేస్తాడు.

తప్పు అమ్మడంలో కాదు, అమ్మిన తీరులో వుంది. పాత సామాన్లవాడు సెట్టును సెట్టుగా కొనలేదు. ట్రాన్సుఫార్మరులో రాగి ఎంత, గొట్టంలో అల్యూమినియం ఎంత, డబ్బాలో ఇనుము ఎంత అని తూకం వేశాడు. వాల్వులకు తూకం రాదు కనుక అక్కడే పగలగొట్టి కాలువలో పోశాడు. ఇంకొందరు డబ్బా బాగుందని దానిని వుంచుకుని, లోపలి పేగులన్నీ తీసి ట్రాన్సిస్టరు బోర్డు బిగించారు. పైకి చూస్తే తాతల నాటి సెట్టు, పలికితే నిన్నటిది. రికార్డులకయితే ఇంకో గతి పట్టింది. పాత లక్క రికార్డులను వేడినీళ్ళలో మెత్తబరచి, చుట్టూ వంచి, పూల కుండీలు చేసుకున్న ఇళ్ళు వున్నాయి.

ఆ తర్వాత 2000లో శబ్ద కాలుష్య నిబంధనలు వచ్చి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు కూడదన్నారు. ముసలివారికి, పరీక్షల పిల్లలకు మేలు జరిగింది. గొట్టాలకు పని తగ్గింది. మిగిలిన ఒకటి రెండు పాత సెట్లూ అప్పుడే కదిలాయి.

ఈ బాధ మన పల్లెలదే అనుకుంటే పొరపాటు. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన ఒక రకం లెస్ పాల్ గిటార్లు అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదని తయారీయే ఆపేసింది. చేతికొచ్చిన ధరకు వాటిని వదిలించుకున్నవారు నేడు అవి లక్షల డాలర్లు పలకడం చూసి తల పట్టుకుంటున్నారు. ఎరిక్ క్లాప్టన్ అనే ఇంగ్లండు గిటారిస్టు 1970లో నాష్‌విల్ పట్నంలోని ఒక అంగట్లో పాత గిటార్లు ఆరు చౌకగా కొని, మూడు స్నేహితులకు ఇచ్చి, మిగిలిన మూడింటి భాగాలు కలిపి ఒకటి చేసుకున్నాడు. 2004లో ఆ అతుకుల గిటారును వేలం వేస్తే 9,59,500 డాలర్లు వచ్చాయి. వారికి వాల్వు ఆంప్లిఫయర్ల మీద మోజు కూడా తగ్గలేదు. అందుకే రష్యా, చైనా, స్లొవేకియా దేశాల్లో వాల్వులు నేటికీ తయారవుతున్నాయి. కాలువలో పోసిన గాజు బుడ్లను తలచుకుంటే ఎవరికైనా నవ్వు, ఏడుపు ఒకేసారి రాకమానవు.

మేళగాళ్ళకు మాత్రం ఈ తెలివి ముందునుంచీ వుంది. నాదస్వరానికి ఆచ్చా మాను కావాలి. తెలుగున నారేపి అంటారు. కొత్తగా కొట్టిన మాను పనికి రాదు. పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలు, వాసాలు వెదికి తెస్తారు. కుంభకోణం దగ్గరి నరసింగంపేట వారు ఈ పనిలో పేరున్నవారు. వారి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పొట్టి నాదస్వరం పోయి పొడుగుది వచ్చినా, తాత వాయించిన పొట్టిదానిని మేళగాళ్ళ ఇళ్ళలో అటక మీద గుడ్డ చుట్టి దాచడమే ఆచారం. అన్నట్టు, శేషాచలం అడవుల ఎర్రచందనం జపాన్‌లో షమిసెన్ అనే తీగ వాయిద్యానికి మెడగా అమరుతుంది. దానిని అక్కడివారు ఎంతో భద్రంగా చూసుకుంటారు.

ఇంకా ఇళ్ళలో మిగిలిన పెట్టెల గురించి రిపేరు తెలిసిన పెద్దలు చెప్పే మాటలు కొన్ని వున్నాయి. ఏళ్ళ తరబడి మూలన పడిన వాల్వు సెట్టును ఆత్రంగా ప్లగ్గులో పెట్టవద్దు. లోపలి కండెన్సర్లు ఎండిపోయి వుంటాయి, ట్రాన్సుఫార్మరు కాలిపోతుంది. స్విచ్చి ఆపిన తర్వాత కూడా అందులో వందల వోల్టులు నిలిచి వుంటాయి కనుక తెలియని చేతులు మూత తీయరాదు. హార్మోనియం రీడ్లను గీకడానికి ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులిపి చూడాలి. సగం జబ్బులు దుమ్మువే. తిత్తి తోలు చిరిగితే తోలు మార్చాలి గానీ పెట్టె మార్చనక్కరలేదు. ఎలుకలకు ఆ తోలంటే ప్రాణం, కనుక ధాన్యం పక్కన పెట్టరాదు.

చంద్రగిరి వైపు ఒక ఊళ్ళో ఒకాయన కూతురి పెళ్ళికి తన లెగ్గు హార్మోనియం అమ్మేశాడు. అదృష్టం కొద్దీ అది తూకానికి పోలేదు, ఆకురాయి కింద కూడా పడలేదు. చేతులు మారి, పది మైళ్ళ దూరంలోని ఒక భజన మందిరం చేరింది. ఆచూకీ తెలిసి వెళ్ళి అడిగితే వారు ఇవ్వమన్నారు. ఇచ్చిన డబ్బుకు రెట్టింపు ఇస్తానన్నా కాదన్నారు. "పెట్టె మాది పెద్దాయనా. వాయించేవాడే లేడు మాకు" అన్నాడు మందిరం పెద్ద.

ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల రోజులూ, ఆ మందిరంలో కోడి కూయక ముందే భజన మొదలవుతుంది. ఆయన మొదటి బస్సు వచ్చేదాకా ఆగడు. ముందురోజు రాత్రే వెళ్ళి, పెట్టె పక్కనే చాప పరచుకుని పడుకుంటాడు.