జిరాక్సా.. ఒరిజినలా?

‘గో’ లాంగ్వేజ్‌లో మెథడ్ రాసేముందు తేల్చుకోవాల్సిన సంగతి

ఖాతాలో 500 రూపాయలున్నాయి. డిపాజిట్ మెథడ్‌తో ఇంకో 200 వేశారు. ప్రింట్ చేస్తే మళ్లీ 500! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మరి ఆ 200 ఏమైనట్టు? ‘గో’ కొత్తగా నేర్చుకునేవాళ్లని బాగా తికమకపెట్టే ప్రశ్న ఇది. డాకర్, కుబర్నెటిస్ లాంటివి ఈ లాంగ్వేజ్‌లోనే రాశారు. మీరూ క్లౌడ్, బ్యాకెండ్ ఉద్యోగాల వైపు చూస్తున్నారా? అయితే ఇది తెలియాల్సిందే.

కాపీ మీద రాస్తే..

మెథడ్ పేరుకు ముందు బ్రాకెట్లలో రాసేదే రిసీవర్. అక్కడ టైప్ పేరు ఒక్కటే ఇస్తే అది వాల్యూ రిసీవర్. మెథడ్‌ని పిలిచిన ప్రతిసారీ దానికి స్ట్రక్ట్ కాపీ అందుతుంది. పాస్‌బుక్ జిరాక్స్ తీసి దానిమీద 700 అని రాసుకుంటే ఖాతాలో సొమ్ము పెరుగుతుందా? ఇదీ అంతే! టైప్ ముందు స్టార్ గుర్తు పెడితే పాయింటర్ రిసీవర్. అప్పుడు మెథడ్‌కి అందేది ఒరిజినల్ ఉన్న అడ్రస్. మార్పు నేరుగా దానిమీదే జరుగుతుంది.

కంపైలర్ సాయం ఎంతవరకు?

మామూలు వేరియబుల్ మీద పాయింటర్ మెథడ్‌ని పిలిస్తే అడ్రస్ తీసే పని కంపైలరే చూసుకుంటుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర మాత్రం ఆ సాయం ఉండదు. ఇంటర్‌ఫేస్ అడిగే మెథడ్‌ని పాయింటర్ రిసీవర్‌తో రాసి, వాల్యూని ఇచ్చారనుకోండి.. కోడ్ కంపైల్ కాదు. పాయింటరే ఇవ్వాలి. మ్యాప్‌లో దాచిన స్ట్రక్ట్ మీద ఆ మెథడ్‌ని నేరుగా పిలిచినా ఎర్రరే. మ్యాప్‌లోని ఎలిమెంట్‌కి అడ్రస్ తీసుకోవడం కుదరదు మరి!

ఇవైనా నయం, ఎర్రర్ చూపిస్తాయి. స్ట్రక్ట్‌ల స్లైస్ మీద రేంజ్ లూప్ నడిపితే చేతికొచ్చేదే కాపీ. దానిమీద పాయింటర్ మెథడ్‌ని పిలిచినా మారేది ఆ కాపీయే. అందుకే ఇండెక్స్‌తో అసలు ఎలిమెంట్‌ని పట్టుకోండి.

ఏది ఎప్పుడు?

* ఫీల్డ్ విలువ మార్చాలన్నా, స్ట్రక్ట్ బాగా పెద్దదైనా పాయింటర్.

* స్ట్రక్ట్‌లో మ్యూటెక్స్ ఉంటే పాయింటరే. లాక్‌ని కాపీ చేయకూడదు. చేస్తే ‘గో వెట్’ టూల్ పట్టిస్తుంది.

* చిన్నవి, మార్చనవసరం లేనివి అయితే వాల్యూ చాలు. ‘టైమ్’ టైప్ ఇలాంటిదే. దానికో గంట కలిపితే పాతది మారదు, కొత్తది వస్తుంది.

* ఒక టైప్‌కి ఒక మెథడ్ పాయింటర్‌తో రాస్తే మిగతావీ అలాగే రాయడం మంచి అలవాటు.

ఇంటర్వ్యూలో ‘పాయింటర్ అయితే ఫాస్ట్ సర్’ అని ఆపేయకండి. చిన్న స్ట్రక్ట్‌కి కాపీ ఖర్చు తక్కువే. మారుతున్నది కాపీనా, ఒరిజినలా అన్నది వివరించండి. ఈ రోజే ఖాతా ప్రోగ్రామ్ రాసి, స్టార్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి రన్ చేయండి. 700, 500.. ఎందుకొచ్చాయో మీ మాటల్లో చెప్పగలిగితే విషయం పట్టేసినట్టే!