రాగి తీగ పోతే పోయింది, పాత ఫోను పారేయమాకండి

నరసరావుపేటలో మా పెదనాన్న ఇంట్లో ఫోను ముందుగదిలో చిన్న బల్ల మీద ఉంటది. దాని మీద పెద్దమ్మ అల్లిన గుడ్డ కప్పి ఉంటది. రెండోది వెనక పడకగదిలో, పెద్దమ్మ మంచం పక్కన. పెదనాన్నకు ఎనభై దాటాయి. సెల్లు కొనిచ్చాం. ఎక్కడ వేలు పెడితే ఏం తెరుచుకుంటదో అర్థంగాక పక్కన పెట్టేశాడు. ల్యాండ్‌లైన్ అయితే చీకట్లో తడుముకుని కూడా తీస్తాడు.

పోయినేడు ఆ లైను పదేపదే చెడిపోతంటే ఫైబర్ పెట్టించాం. కనెక్షన్ ఇయ్యటానికి వచ్చిన కుర్రాడు డబ్బా గోడకు బిగించి, వైఫై వచ్చిందని చూపించి, "పాత ఫోన్లు దీనికి పనిచెయ్యవండీ, కొత్తది కొనుక్కోండి, లోపలి గదిలోది ఇంక తీసేయండి" అని చెప్పి పోయాడు. పెద్దమ్మ మంచం పక్కన ఫోను మూగబోయింది. రెండు నెలలు అట్టాగే ఉంది. ఆ తర్వాత నేను పోయి కూర్చుని చూస్తే, కొనాల్సింది మూరెడు వైరు. అంతే.

ఆ తర్వాత మాచర్లలో, గురజాలలో తెలిసినోళ్ల ఇళ్లకు పోయినప్పుడు కూడా ఇదే చూశాను. మూలన పడ్డ ఫోన్లు, గోడలో ఊరికే ఉన్న వైర్లు. అందుకే ఈ సంగతి వివరంగా రాస్తన్నా.

ముందు ఏం మారిందో తెలవాలి. పాత ల్యాండ్‌లైన్‌కు మీ ఇంట్లో కరెంటుతో పని లేదు. ఎప్పుడన్నా ఆలోచించారా, ఊరంతా కరెంటు పోయినా ఆ ఫోను ఎట్టా మోగేదో? ఎక్స్ఛేంజీలో వరసగా బ్యాటరీలు ఉంటాయి. అక్కణ్ణుంచి 48 వోల్టుల కరెంటు ఆ రాగి తీగల జత మీదే మీ ఇంటికి వచ్చేది. మాటా, దాన్ని మోసే కరెంటూ ఒకే తీగలో వచ్చేవి. ఫైబర్ అంటే గాజు పోగు. దాంట్లో వెలుతురు పోయిద్ది గానీ కరెంటు పోదు. ఇప్పుడు ఎక్స్ఛేంజీ చేసే పనంతా మీ గోడ మీది డబ్బా చేసిద్ది. ఫోనుకు కరెంటు ఇచ్చేది అదే, డయల్ టోన్ వినిపించేది అదే, గంట కొట్టించేది అదే. మీ మాటను ఇంటర్నెట్‌లో పోయే ముక్కలుగా మార్చి పంపేదీ అదే. మీ పాత ఫోనుకు మాత్రం ఈ గొడవ ఏమీ తెలియదు. అది ఇంకా రాగి తీగ మీదే మాట్లాడతన్నా అనుకుంటది. కాబట్టి పనిచెయ్యదు అనటానికి కారణమే లేదు.

సాగర్ కుడి కాలువ కింద పొలం ఉన్నోడికి పైన గేటెత్తితే నీళ్లు వాటంతటవే వస్తాయి. బోరు కింద సాగు చేసేవాడికి భూమిలో నీళ్లున్నా, కరెంటు లేకపోతే చుక్క రాదు. పాత ఫోను కాలువ, కొత్త ఫోను బోరు. (కాలువ చివరి భూములోళ్లు 'మాకు ఆ నీళ్లు ఎప్పుడొచ్చినయ్' అని నవ్వుతారు, ఆ బాధ ఇంకోసారి రాస్తా.)

ఇంక పని దగ్గరకొద్దాం. డబ్బా వెనక చూడండి. ఇంటర్నెట్ వైరుకు పెద్ద రంధ్రాలు ఉంటాయి, వాటి పక్కన కాస్త చిన్నది ఒకటో రెండో ఉంటాయి. దాని మీద ఫోన్ అనో, టెల్ అనో, పాట్స్ అనో ఇంగ్లీషులో ఉంటది, లేకపోతే చిన్న ఫోను బొమ్మ ఉంటది. ఫోను క్లిప్పు పెద్ద రంధ్రంలో కూడా దూరిద్ది. దూరింది గదా అని అక్కడ పెట్టి 'పనిచెయ్యట్లేదు' అనుకునేవాళ్లు చాలామంది. చిన్నదాంట్లోనే పెట్టాలి. కొన్ని డబ్బాలకు ఆ రంధ్రమే ఉండదు. అప్పుడు ఏటీఏ అనే చిన్న అడాప్టరు విడిగా కావాలి. అందుకని కనెక్షన్ తీసుకునేటప్పుడే ఫోను రంధ్రం ఉన్న డబ్బా అడగండి.

మొదట ఒక్క ఫోను తెచ్చి నేరుగా డబ్బాకు తగిలించండి. టోన్ వస్తే సగం పని అయినట్టే. రాకపోతే వెంటనే ఫోన్ని తిట్టమాకండి. నెట్ ఇచ్చి, ఫోను సర్వీసు వాళ్ల వైపు ఆన్ చెయ్యకుండా వదిలేసి ఉండొచ్చు. మా ఇంట్లో జరిగింది అదే. ఫోను చేసి అడిగితే పావుగంటలో ఆన్ చేశారు.

తర్వాతిది ముఖ్యం. ఇంట్లో మిగతా ఫోన్లు కూడా మోగాలంటే గోడల్లో ఉన్న పాత వైరింగునే వాడుకోవచ్చు. కానీ ముందు బయటి స్తంభం నుంచి వచ్చే రాగి తీగల జతను ఇంటి వైరింగు నుంచి విడదీయాలి. లైను ఇంట్లోకి వచ్చే చోట గోడకు చిన్న రోజెట్ డబ్బా ఉంటది. దాని మూత తీసి, బయటి నుంచి వచ్చిన రెండు తీగల మరలు వదులు చేసి, లాగి, దేని కొసకు దానికి విడిగా టేపు చుట్టండి. ఎందుకంటే ఆ తీగలో ఇంకా ఎక్స్ఛేంజీ కరెంటు ఉండొచ్చు. గంట మోగేటప్పుడు 75 వోల్టుల పైనే వచ్చిద్ది, చేతికి తగిలితే చురుక్కుమంటది. అటు నుంచి ఎక్స్ఛేంజీ కరెంటు, ఇటు నుంచి డబ్బా కరెంటు ఎదురైతే కాలేది డబ్బానే. 'లైను చచ్చిపోయింది గదా' అని వదిలేయమాకండి. ఆ తీగ బయట ఇంకా వేలాడతానే ఉంటది, పిడుగు పడితే దాని మీదగానే లోపలికొచ్చిద్ది.

అది విడదీశాక, రెండు కొసలకూ ఫోను క్లిప్పు ఉన్న వైరు తెచ్చి, ఒక కొస డబ్బా ఫోను రంధ్రంలో, రెండోది దగ్గర్లో ఉన్న గోడ ఫోను సాకెట్లో పెట్టండి. ఆ సాకెట్టు నుంచి వైరింగు ఎన్ని గదులకు పోతే అన్ని గదుల ఫోన్లు లేస్తాయి. పాత బ్రాడ్‌బ్యాండ్ రోజుల నాటి స్ప్లిటర్ డబ్బా ఉంటే తీసెయ్యండి, దాంతో ఇంక పని లేదు.

రెండు మూడు ఫోన్లయితే ఇబ్బంది ఉండదు. లోపల నిజం గంట ఉన్న పాత బరువు ఫోన్లు నాలుగైదు తగిలిస్తే మాత్రం గంట కొట్టే బలం చాలదు, డబ్బా చిన్నది. వేలు పెట్టి తిప్పే డయల్ ఫోను, బెంగుళూరు ఐటీఐ వాళ్లు చేసింది, ఇంకా ఇంట్లో ఉన్నోళ్లు ఉన్నారు. అది మోగిద్ది, మాట్లాడొచ్చు, కానీ దాన్నుంచి నంబరు తిప్పితే చాలా డబ్బాలకు అర్థంకాదు. బటన్ల ఫోనుకు పక్కన పి, టి అని చిన్న స్విచ్ ఉంటే టి వైపు జరపండి. అంతే తేడా.

నంబరు సంగతి. బీఎస్ఎన్ఎల్ రాగి లైను నుంచి బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కే మారితే పాత నంబరు ఉంచుకునే వీలు ఉంది. దరఖాస్తులోనే ఆ మాట రాయించండి, ముందే లైను సరెండర్ చేశామంటే తర్వాత తిరగాల్సి వచ్చిద్ది. వేరే కంపెనీకి పోతే కొత్త నంబరే. సెల్లు నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరిలో దేశమంతా వచ్చింది, ల్యాండ్‌లైన్‌కు మాత్రం ఎవరూ పట్టించుకోలా. ముప్పై ఏళ్లుగా పెళ్లిపత్రికల మీద, దుకాణం బోర్డుల మీద అచ్చేసుకున్న నంబరు విలువ వాళ్లకేం తెలిసిద్ది?

ఇప్పుడు అసలు గొడవ, కరెంటు. ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోను అన్నారు. మంచిదే. కానీ ఫోను బతికుండాలంటే ఇంట్లో కరెంటు ఉండాలని గట్టిగా చెప్పినోళ్లు నాకు కనపడలా. ఎక్స్ఛేంజీ మోసిన బరువు మన నెత్తికెక్కింది, ఎక్కినట్టు మనకు తెలియదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయినప్పుడు పెద్దమ్మకు ఆయాసం వస్తే 108కి ఎట్టా చెయ్యాలి?

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే డబ్బా ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీదకు మార్చండి. లేకపోతే రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ తెచ్చుకోండి. కొనేముందు డబ్బా అడాప్టరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో ఫోటో తీసుకుని పోండి. చాలావాటికి 12 వోల్టులే, అయినా చూడకుండా కొనమాకండి. కార్డ్‌లెస్ ఫోనయితే దాని స్టాండుకు కూడా కరెంటు కావాలి. అందుకని ఒక్కటన్నా మామూలు వైరు ఫోను ఉంచుకోండి.

మీ డబ్బాకూ ఆపరేటర్ ఆఫీసుకూ మధ్యలో స్తంభం మీదుండే చిన్న పెట్టెకు సాధారణంగా కరెంటు అక్కర్లేదు, వెలుతురును పంచటమే దాని పని. కాబట్టి మీ కొసా, వాళ్ల కొసా బతికుంటే చాలు. వాళ్ల కొసలో బ్యాటరీ ఉందా, ఎన్ని గంటలు ఆగిద్ది అని కనెక్షన్‌కు డబ్బులు కట్టేముందే అడగండి. నెలనెలా బిల్లు కట్టేవాడికి ఆ హక్కు ఉంది. ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదగానే వేశారు. స్తంభం ఒరిగితే రెండూ ఒక్కసారే పోతాయి, అప్పుడు ఏ బ్యాటరీ ఆదుకోదు. అందుకని దగ్గరోళ్ల సెల్లు నంబరు ఒకటి పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించి, ఆ పాత సెల్లు ఛార్జింగు పెట్టి ఉంచాం.

యూపీఎస్ తెచ్చిన రోజు రాత్రి పెదనాన్న చేతే మెయిన్ ఆపించాను. చీకట్లో కూర్చుని నా సెల్లు నుంచి ఇంటి నంబరుకు కొట్టాను. ముందుగదిలో మోగింది, వెనక గదిలో మోగింది. వెనక నుంచి పెద్దమ్మ తీసి, "ఎవరూ?" అంది.