పాత తుపాకీకి కొత్త గొట్టాలు

ఉస్మానియా క్యాంపస్ ఉన్న అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మహ్‌లఖా బాయి చందాది. ఉర్దూ గజళ్లు రాసిన ఆమె విల్లు పట్టి రెండో నిజాం వెంట వేటకూ యుద్ధానికీ వెళ్లేదట. 1824లో కన్నుమూసింది.

అదే ఏడు పోయినవాడు డాక్టర్ హెన్రీ వోయ్సే. హైదరాబాద్ ప్రాంతపు భూగర్భ పటం గీసిన ఈయన తార్నాక పక్కనున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లకు వరసకు ముత్తాత! నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసే పద్ధతి గురించి ఆయన రాసింది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు పర్షియాకు వెళ్లి, అలల చారల కత్తులయ్యేది.

19వ శతాబ్దపు ఐరోపా తుపాకీ గొట్టాల మీదా అవే చారలు, ‘డమాస్కస్’ పేరుతో. మోసపోకండి, అది మన మూస ఉక్కు కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలేసి, కడ్డీకి చుట్టి, కాల్చి అతికిందే. పొగ కక్కే నల్ల తుపాకీమందు కాలం సరుకు కాబట్టి నేటి పొగరాని మందును నమ్మి పేల్చలేం. జోడు గొట్టాల తుపాకీకి గొట్టాలు మార్చే ఆలోచన ఇక్కడే మొదలవుతుంది.

మొత్తం కొత్తవి చేయిస్తే ఖరీదు. అందుకే ఇంగ్లండ్ పనివాళ్లు తూటా పెట్టే వైపు కొన్ని అంగుళాలు ఉంచి మిగతాది కోసేస్తారు. ఆ మొదళ్లను తొలిచి కొత్త గొట్టాలు దింపుతారు. అతుకు కనబడకుండా చేయగల ఘనులున్నారు, కానీ తుపాకుల పరీక్షా కేంద్రం దాచనివ్వదు. ‘స్లీవ్డ్’ అని ముద్ర కొట్టేస్తుంది.

పూర్తిగా కొత్త గొట్టాలు బిగించేటప్పుడు పనివాడి ఆయుధం దీపం మసి. గొట్టాల అడుగున ఉండే కొక్కేనికి మసి పట్టించి, తుపాకీ మూసి తెరుస్తాడు. మసి చెరిగిన చోట ఆకురాయితో ఒక్క రుద్దు. సందులో వెలుతురు దూరనంత దాకా ఇదే తంతు. విసుగు పుట్టించే పనే, కానీ తుపాకీ ప్రాణమంతా అక్కడే.

రెండు గొట్టాలూ సమాంతరం కావు, మూతి వైపు కాస్త దగ్గరవుతాయి. సుమారు 40 గజాల దూరాన రెండిటి గుళ్లూ ఒకేచోట పడాలి మరి. వాటి మధ్య పట్టీ గట్టిగా అతికిందో లేదో చెవే చెబుతుంది. విప్పి వేలాడదీసి తడితే ఖంగుమనాలి. మొద్దు చప్పుడు వస్తే అతుకు వదులైందన్నమాట.

గొట్టం కొలత చెప్పే ‘12 బోరు’ లెక్క తెలుసా? పౌను సీసంతో 12 సమాన గుండ్లు పోస్తే, ఒక్కో గుండు వ్యాసం దాదాపు 18.5 మి.మీ. అదే గొట్టం లోపలి వెడల్పు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. బాగుచేసినా పేలని పురాతన తుపాకీకి చట్టం మినహాయింపు ఇచ్చింది. కొత్త గొట్టంతో పేలగలదంటే, ఆ మినహాయింపు వర్తించదు.