తానుగా నడచుట, మేలుగా నడచుట

హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిపై, కర్ణాటక సరిహద్దునకు చేరువలో జహీరాబాదు పట్టణము కలదు. 2016 వరకు మెదకు జిల్లాలో నుండి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాకు చెందిన ఈ ప్రాంతము చెరకు పంటకు పేరు గన్నది. ఇచట చక్కెర మిల్లు వెలసినది. ట్రాక్టర్ల కర్మాగారమును వచ్చినది. పెద్ద యంత్రములను తొలిసారి చూచినవారు “అంతయు దానంతట అదే జరుగుచున్నది గదా!” అని అచ్చెరువొందుదురు. కాని దానంతట అది జరుగుట వేఱు, మేలుగా జరుగుట వేఱు. మొదటిది స్వయంచాలనము, రెండవది ఉత్తమీకరణము.

చెరకు ఆడించు విధమును పరిశీలించినచో ఈ భేదము తేటపడును. చక్కెర మిల్లులో గానుగలు వరుసగా నుండును. వాని నడుమ చెరకు ఎంత నలిగినను పిప్పిలో కొంత తీపి మిగులును. దానిని రాబట్టుటకై చివరి గానుగకు ముందు పిప్పిపై నీరు చల్లుదురు. నీరు చాలనిచో మిగిలిన చక్కెర పిప్పితోపాటు కొలిమిలో కాలిపోవును. ఏలయన బాయిలరునకు ఇంధనము ఆ పిప్పియే. వంటచెరకు అను మాట ఇచట అక్షరాల సార్థకము! నీరు మితిమీరినచో చక్కెర వచ్చును గాని, ఆ నీటినంతటిని మరల ఆవిరి చేయవలెను. అందులకు మరింత పిప్పిని కాల్చవలెను.

వచ్చు చెరకును బట్టి నీటి కవాటము తనంత తానే తెఱచుకొనునట్లు అమర్చుట స్వయంచాలనము. ఎంత నీరు చల్లిన లాభమెక్కువయో లెక్కగట్టి తేల్చుట ఉత్తమీకరణము. ఆ కొలత తప్పైనచో యంత్రము ఆ తప్పునే రేయింబవళ్లు అలయక చేయుచుండును. పనివాడైనచో ఎన్నడో ఒకనాడు అనుమానించి అడుగును.

1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు తిరుగు గుండ్లతో ఒక నియంత్రకమును అమర్చెను. వేగము హెచ్చినచో అది ఆవిరిని తగ్గించును; తగ్గినచో పెంచును. ఏ వేగము మంచిదో మాత్రము అది ఎఱుగదు. దీనికి భిన్నమైనది నోర్బర్ట్ రిల్యూ చేసిన పని. అమెరికాలోని న్యూ ఆర్లియన్సునందు జన్మించిన ఇతడు చెరకు రసమును కాచుటకు నూతన పద్ధతిని కనుగొని 1843లో పేటెంటు పొందెను. మొదటి పాత్రలోని రసమునుండి లేచిన ఆవిరియే రెండవ పాత్రను కాచును. రెండవదానిలో పీడనము తక్కువ గావున రసము తక్కువ వేడిమికే మరగును. కవాటములను మనుష్యులే త్రిప్పుచుండిరి. అయినను ఇంధనము ఎంతో ఆదా అయ్యెను. స్వయంచాలనము లేకయే ఉత్తమీకరణము సాధ్యమని దీనివలన తెలియుచున్నది.

రైతునకు మిల్లు లోపలి సంగతికంటె వెలుపలి సంగతియే ముఖ్యము. నరికిన చెరకు ఎండకు నిలిచినకొలది బరువు తగ్గును, అందలి చక్కెరయు క్షీణించును. రైతునకు సొమ్ము ముట్టునది బరువును బట్టియే. బండ్లనుండి చెరకును యంత్రముచే తానుగా దింపించినను, ఒకేదినమున ఊళ్లన్నియు నరికి తెచ్చినచో గానుగ మ్రింగగలిగినంతయే మ్రింగును. తక్కినది ఆవరణలో ఎండవలసినదే. ఏ ఊరి చేను ఏనాడు పక్వమగునో, మిల్లు దినమునకు ఎంత ఆడించగలదో చూచి, కోతకు వరుసగా అనుమతి చీటీలు ఇచ్చినచో ఆ నష్టము తగ్గును. దీనికి కొత్త యంత్రమక్కరలేదు; చేల పట్టికయు, నమ్మకముగా లెక్క వ్రాయు గుమాస్తాయు చాలును.