కంటికి కనపడని వేట

ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్కన రొయ్యల గుంటలు ఉన్నాయి. పైకి చూస్తే గుంటలో రొయ్యలు, పచ్చని నీళ్ళు తప్ప ఏమీ ఉన్నట్టు అనిపించదు. కానీ ఆ నీళ్ళలో రాత్రీ పగలూ వేట జరుగుతూనే ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తేనే అది కనపడుతుంది.

ఏది దేన్ని తింటుంది?

రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున చేరి కుళ్ళుతుంది. దాన్ని బాక్టీరియా తింటాయి. ఇవి చాలా చిన్న జీవులు. ఒక చిన్న చెంచాడు సముద్రపు నీళ్ళలో సుమారు 50 లక్షల బాక్టీరియా ఉంటాయి. బాక్టీరియాను ప్రోటోజోవా అనే జీవులు మింగుతాయి. వాటిని ఇంకొంచెం పెద్ద నీటిపురుగులు తింటాయి. ఆ పురుగుల్ని రొయ్యపిల్లలు తింటాయి. దీన్నే ఆహారపు గొలుసు అంటారు.

ఉయ్యాల లాంటి లెక్క

తిండి దొరికితే బాక్టీరియా గబగబా పెరుగుతాయి. కొన్ని రకాలు అరగంటకే ఒకటి రెండవుతాయి. అప్పుడు ప్రోటోజోవాకు తిండి బాగా దొరుకుతుంది. కొంచెం ఆలస్యంగా అవీ పెరుగుతాయి. తినేవి ఎక్కువైతే బాక్టీరియా తగ్గిపోతాయి. అప్పుడు తిండి చాలక ప్రోటోజోవా కూడా తగ్గుతాయి. మళ్ళీ బాక్టీరియా పెరుగుతాయి. ఊళ్ళో పిల్లులు తగ్గితే ఎలుకలు పెరగవూ? ఇదీ అంతే.

లెక్క తప్పితే?

మేత ఎక్కువ వేస్తే కుళ్ళు ఎక్కువవుతుంది. బాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిని తినే జీవులు అంత తొందరగా పెరగలేవు. బాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. పగలు ఎండకు ప్రాణవాయువు తయారుచేసే పచ్చని నాచు కూడా రాత్రిపూట దాన్నే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతాయి. అప్పు తెచ్చి వేసిన పంట ఒక్క రాత్రిలో పోవచ్చు.

మందు పోస్తే సరిపోతుందా?

క్రిములను చంపే మందు పోస్తే బాక్టీరియాతో పాటు వాటిని తినే జీవులూ చస్తాయి. తర్వాత ముందుగా పెరిగేది బాక్టీరియాయే. యాంటీబయాటిక్ మందులు పదే పదే వాడితే వాటికి చావని రకాలు మిగులుతాయి. రొయ్యల సాగులో వాడకూడదని ప్రభుత్వం కొన్ని యాంటీబయాటిక్‌లను నిషేధించింది కూడా. 1994లో ఆంధ్ర తీరంలో గుంటలను ఖాళీ చేసిన తెల్లమచ్చల తెగులు వైరస్ వల్ల వచ్చింది. బాక్టీరియాను చంపే మందులు దానికి పనిచెయ్యవు.

అన్నిటికన్నా మేత దగ్గర జాగ్రత్త మేలు. చెక్‌ట్రే పైకి తీసి చూడాలి. మేత మిగిలి ఉంటే మరుసటిసారి తగ్గించి వెయ్యాలి. మేత డబ్బూ మిగులుతుంది, నీళ్ళూ చెడిపోవు.